ఆరు నుంచి పది దాకా

పర్మిషను ఉంది.
అదే కదా అసలు బాధ.

లామినేషన్ చేయించి మరీ
షామియానా ముందు గుంజకి పురికొసతో కట్టారు:
సున్నంబట్టీల వీధి, మూడో తారీఖు,
సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా,
రోడ్డులో సగం మాత్రమే,
అంబులెన్సుకు దారి వదలవలెను.
కింద గుండ్రటి స్టాంపు,
పిచ్చిక కాలు పెట్టినట్టు ఓ సంతకం.

ఇవాళ ఆరో తారీఖు.
వీధి ఇంకా ఎర్రగుడ్డ కిందే ఉంది.

నా ట్రాలీ ఆటోలో ఐసు ఉంది.
తెల్లారగట్ల ఫ్యాక్టరీలో ఎక్కిస్తే
ఈ వీధిలోంచి ఏడు నిమిషాలు చేపల మార్కెట్టు.
కాలవగట్టెక్కి లాకుల మీదుగా తిరిగొస్తే అరగంట.
దిమ్మల అంచులు గుండ్రబడిపోతాయి.
టార్పాలిన్ కిందనుంచి కారే నీళ్ళు
దారి పొడుగునా గీత గీస్తాయి.
అర్జీ రాయడం నాకు రాదు గానీ
రోజూ పాలకొల్లు రోడ్ల మీద
ఇలా రాసుకుంటూనే పోతున్నాను.

రాయడం వచ్చింది పోస్టుమాస్టరు సోమసుందరం గారికి.
మూడు సోమవారాలు, మూడు అర్జీలు,
మూడు రసీదులు గుండుసూదితో కుట్టి దాచారు.
నాలుగోసారికి వార్డు సెక్రటరీ వచ్చింది,
నీలవేణి, పాతికేళ్ళు కూడా ఉండవు,
స్కూటీ పెట్టడానికి చోటు లేక
పక్క వీధిలో పెట్టి నడిచొచ్చింది.
టేపు పరిచింది.
టేపు రెండో చివర పట్టుకునేవాడు లేడు,
నేనే పట్టుకున్నాను.
సగం రోడ్డు పదకొండడుగులు.
వదిలింది అడుగున్నర, అందులో గాడిపొయ్యి.

ఫైను వేయొచ్చు కదమ్మా?
ఫైను పుస్తకం ఆర్‌ఐ గారి దగ్గరుందండి.
ఆర్‌ఐ గారెక్కడమ్మా?
ఆ పిల్ల తల తిప్పి లోపలికి చూసింది.
మూడో బంతిలో, చివరి నుంచి రెండో విస్తరి,
పూతరేకు పొర చిరగకుండా విప్పుకుంటున్నారు.

ఆ పిల్లనేం అనగలం.
ఒక ప్లాస్టిక్ కుర్చీ పక్కకి జరిపి
ఆ ఖాళీని ఫొటో తీసుకుంది.
కుర్చీని మళ్ళీ ఎవరో యథాస్థానంలో పెట్టేలోగా
పోస్టుమాస్టరు గారి ఫోను మోగింది:
మీ సమస్య పరిష్కరించబడినది.
ఆయన కళ్ళజోడు తీసి తుడిచి
మళ్ళీ చదివి,
పరిష్కరించబడినది, అన్నారు, ఒత్తులన్నీ పలుకుతూ.

పల్లాలమ్మ గారికి మంగళవారం, శుక్రవారం డయాలసిస్.
గుమ్మంలోకి ఆటో రాదు.
కూతురి భుజం పట్టుకుని
బంతుల మధ్యనుంచే నడిచి వెళ్తుంది.
మర్యాద గల వాళ్ళండి, నిజం చెప్పాలి,
పెద్దాయన లేచి నిలబడి చేతులు జోడించాడు:
ఆయ్, కూచోండమ్మా, రెండు ముద్దలు తిని వెళ్ళండి,
దప్పళం వేడిగా ఉంది.
రోజు మొత్తానికి రెండు గ్లాసుల నీళ్ళు
కొలుచుకుని తాగే మనిషి
దప్పళం గిన్నె వైపు చూసి నవ్వింది.
ఆ నవ్వుకి ఏ సెక్షను కింద
ఫైను వేస్తారో నాకు తెలీదు.

ఈ వీధి సిమెంటు రోడ్డుకి గుంజల కన్నాలు నలభై ఒకటి.
వాన పడితే ఒక్కో కన్నంలో
ఒక్కో పెళ్ళి, ఒక్కో ఓణీల ఫంక్షను నిండి కనిపిస్తాయి.
మా ఇంటి ముందు నాలుగు నావే.
అప్పుడు నేనూ పర్మిషను చూపించాను,
ఎవరు అడిగారో ఇప్పుడు మొహం గుర్తు రావట్లేదు.

సాయంత్రం అటే వచ్చాను.
గుంజకి కాయితం అలాగే ఉంది,
లామినేషన్ పైన పెన్నుతో
మూడుని ఎనిమిది చేశారు.
కొట్టివేత లేదు, సొట్ట కూడా లేదు,
చేయి తిరిగిన పనే.

చదువుతుంటే వంటాయన కేకేశాడు:
ఏవోయ్ ఐసూ,
సోడాలు వెచ్చబడిపోతున్నాయి,
రెండు దిమ్మలు ఇటు దించు,
మార్కెట్టు రేటు మీద ఇరవై ఎక్కువ తీసుకో.

ఇంజను ఆపలేదు.
కాసేపు అలాగే కూచున్నాను.
వెనక నీళ్ళు కారుతున్న చప్పుడు.

దించాను.