కట్టు విప్పాక

కువోపియోలో నవంబరు నెల.
ఎనిమిదైనా తెల్లవారదు.
ఆసుపత్రి నేలమాళిగలో నా గదికి
పరగడుపున వస్తారు మనుషులు,
బూట్ల మంచు దులుపుకుంటూ.
గుండె జోలికి నేను పోను.
మోచేతికి కాస్త పైన, చర్మం కింద
సగం పెన్సిలంత లావు ధమని ఒకటి.
దాని వెడల్పు కొలవడమే నా కొలువు.

ముంజేతికి పట్టీ బిగిస్తాను.
ఐదు నిమిషాలు రక్తం ఆగుతుంది.
వేళ్లు పాలిపోతాయి, చీమలు పాకుతాయి,
కొందరు తిట్టుకుంటారు, కొందరు అంకెలు లెక్కపెడతారు.
ఆపైన కట్టు విప్పేస్తాను.
తూము ఎత్తిన కాలవలా ఉరికొస్తుంది రక్తం.
నాళం లోపలి పొర, ఉల్లిపొర కన్నా పలచన,
ఆ ఒరిపిడిని గుర్తుపట్టి
"జరగండి, చోటివ్వండి" అంటుంది గోడలతో.
బాగున్న నాళం జరుగుతుంది.
బాగులేనిది ఉలకదు, పలకదు,
తలుపు కొడుతున్నా మంచం దిగని మనిషిలా.
ఆ జరిగేది ఎంతనుకున్నారు?
మిల్లీమీటరులో పావు వంతు.
ఆ పావు కోసమే ఇంత యంత్రం, ఇంత జీతం.

ఈ చలికాలం ఇద్దరు అన్నదమ్ములు చేరారు,
ఐమో, తౌనో.
చీటీలు తీస్తే
అన్నకి పిండిపదార్థం తగ్గించిన తిండి పడింది,
తమ్ముడికి కొవ్వు తగ్గించింది.
తౌనో మాటల్లో చెప్పాలంటే
"ఒక్క రొట్టె ముక్కనే మాకు పంచారమ్మా.
వాడికి పైనున్న వెన్న,
నాకు కిందున్న రై."

ఐమోది రొట్టెల బట్టీ.
నలభై ఏళ్లు రాత్రి రెండింటికే లేచినవాడు.
వాళ్లమ్మ నాటి చెక్క తొట్టిలో
గోడలకంటిన పాత పిండే తోడు,
అదే పులుపు, అదే వాసన.
ఇప్పుడతను చేపలు, గుడ్లు, క్యాబేజీ తింటూ
బెల్టుకి కొత్త చిల్లులు పొడుచుకుని
నాకు చూపించేవాడు.
తౌనో ఓట్ల జావ, ఉడకేసిన దుంపలు, వెన్న తీసిన పాలతో
నెలంతా మూతి ముడుచుకునే ఉన్నాడు.
ఏడాదికోసారి క్రిస్మస్‌కి మాత్రం పలకరించుకునే వాళ్లు
ఇప్పుడు రోజూ రాత్రి ఫోనులో
తిన్నదీ తిననిదీ అప్పజెప్పుకుంటున్నారట.

ఆరో వారం ఐమో అంకె కొంచెం దిగింది.
తమ్ముడిది కొంచెం లేచింది.
చెప్పకూడదు. నేను చెప్పలేదు.
అతను నా మొహంలో చదివేశాడు.
"వెన్న వల్లనా?
నిన్న రాత్రి నిద్ర లేదు, దానివల్లనా?
లేక నీ చెయ్యి వణికిందా?"

నాకేం తెలుసు!
కొవ్వెక్కువైన ఒక్క పూట భోజనానికే
నాళం కాసేపు బద్ధకిస్తుందని చదివాను.
ఒళ్లు తేలికపడితే చురుకవుతుందనీ చదివాను.
రెండూ ఒకే మనిషిలో
ఒకే ఉదయం నిజం కావచ్చు.
ఇద్దరితో ఏదీ తేలదు,
నూట ఇరవై చేతులు కావాలంటారు డాక్టరుగారు.

ఆఖరి రోజు
ఐమో గోళ్ల కింద పిండి కనిపించింది.
"నియమం తప్పారా?"
"తినలేదు. పిసికానంతే.
వాడికి వెన్న ఎలాగూ లేదు,
రొట్టైనా మంచిది ఉండొద్దూ."
నా కాగితంలో తిన్నవాటికి గడి ఉంది.
వాసన చూసినవాటికి లేదు.
గడి బయట, అంచున, పెన్సిలుతో రాసుకున్నాను:
పొయ్యి దగ్గర నాలుగు గంటలు.

పట్టీ బిగించాను.
అతను కళ్లు మూసుకున్నాడు.
ఐదో నిమిషంలో పెదవులు కదిలాయి,
లెక్కో, తిట్టో.
వదిలాను.
తెర మీద రెండు తెల్ల గీతలు
ఒకదానికొకటి ఎడంగా జరగడం మొదలెట్టాయి.
మూడుసార్లు కొలిచి
అంకె రాసి, కాగితం బోర్లించాను.

చొక్కా చెయ్యి దించుకుంటూ
గుమ్మం దగ్గర ఆగాడు.
"ఎప్పుడూ కుడిచెయ్యే కొలుస్తావు,
ఎడమదాని సంగతి ఎవరూ అడగరేం?"