అదే వరుసలో

రాయదుర్గంలో రాత్రి పదకొండున్నర.
ఇమేజ్ బరువు ఒకటిన్నర జీబీ.
"మనది నాలుగు ఫైళ్ల ప్రోగ్రామే కదా,
ఇంత లావెట్లయింది?" అంది ముబీనా,
చల్లారిన చాయ్ మీది మీగడను వేలితో జరిపి.

తుడిచానే!
పదో లైనులో కంపైలరు, దాని వెంట చుట్టపక్కాల్లా
రెండొందల ప్యాకేజీలు దించుకున్నాను.
పదమూడో లైనులో ఆర్ఎం కొట్టి అంతా ఊడ్చాను.
లోపలికెళ్లి వెతికితే ఏమీ లేదు.
తూకం మాత్రం అంతే ఉంది.

"కనబడదు. పోలేదు.
ప్రతి రన్నూ ఒక పొర.
దాని మీద ఇంకోటి కప్పగలవు,
కిందిదాన్ని గీకలేవు."

ఇంకో తప్పు కూడా చూపించింది:
ఏడో లైనులో సీడీ కొట్టి
ఎనిమిదో లైనులోనూ అక్కడే ఉన్నాననుకున్నాను.
లైనుకో కొత్త షెల్లట.
ముందరిది ఏ గదిలో పని చేసి పోయిందో ఎరగదు,
వచ్చి వాకిట్లోనే నిలబడుతుంది.

ఒంటిగంటకు గౌలిదొడ్డిలో హాస్టల్ సందు.
ఈ ఏడు మూడోసారి తవ్వుతున్నారు.
ఎండల్లో నీళ్ల పైపు, వానల్లో కేబులు,
ఇప్పుడు డ్రైనేజీ. ఎవరి కాంట్రాక్టు వాళ్లది.
తారు మీద తారు పడీ పడీ
కిరాణా కొట్టు గడప రోడ్డుకు జానెడు కిందికి దిగింది.
మబ్బు పట్టిందంటే చాలు, ఆయన
కందిపప్పు బస్తా బల్ల మీదికెక్కిస్తాడు.

లైటు కింద ఒక్కడే పారతో మట్టి ఎత్తుతున్నాడు,
పాలమూరు జంగయ్య.
"పొద్దున ఎత్తొచ్చు కదా తాతా?"
"తవ్వినోడే ఎత్తాలె బిడ్డా, ఇయ్యాల్నే.
రేపటికైతే అది మట్టి గాదు,
రోడ్డు."

మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచాను.
దించు && కట్టు && ఊడ్చు.
ముందుది నిలబడితేనే వెనకది కదలాలి.
లైను చాలనిచోట ఒక బ్యాక్‌స్లాష్:
ఊపిరి తీసుకో, మాట అయిపోలేదు.

చివర్న || true ఉంది.
ఏం కూలినా బాగానే ఉందని చెప్పమని
మూడు నెలల కింద నేనే రాసిపెట్టిన అబద్ధం.
పొద్దున స్టాండప్‌లో నా గొంతు కూడా ఇలాగే ఉంటుంది.
తీసేశాను.

బిల్డు నాలుగో నిమిషంలో ఎర్రగా ఆగిపోయింది.
టెస్టులు ఇన్నాళ్లూ నడవనే లేదు.

ముబీనాకు మెసేజ్ పెట్టాను: "ఫెయిలైంది."
"అబ్బ," అంది వెంటనే, "ఇప్పటికి!"

కిటికీ కింద పార ఇంకా
రాతిని గీరుతూనే ఉంది.