ఉలిపికట్టె

రెండువందల నలభై బోర్డులు కొట్టాను ఆ అక్టోబరులో.
రెండంగుళాల కట్టె, చివర చెక్కిన మొన,
మొనకి కాస్త తారు, తడినేలలో కుళ్ళకుండా.
పైన మర్డీనా బీటన్ అని పేరు, అంతే.
పార్టీ గుర్తు ఆమెకి ఇవ్వలేదు.

పీతల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
మంచునీళ్ళలో చేతులు పెట్టిన మనిషి.
చెయ్యి కలిపితే
తలుపు గొళ్ళెం పట్టుకున్నట్టుండేది.
ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట:
"ఆంగస్ రాంకిన్ మంచివాడు.
పంతొమ్మిదేళ్ళుగా మంచివాడుగానే ఉన్నాడు.
రేవు గోడ మాత్రం పడిపోయింది."

జనం నవ్వేవాళ్ళు, టీ పోసేవాళ్ళు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.
మా కేప్ బ్రెటన్ రేవులో అసలు ఉన్నదే ఒక దారి,
కొండెక్కి మా పార్టీ ఆఫీసు దాకా,
దిగి చర్చి దాకా.
మా తాత ఆ దారినే వెళ్ళి ఓటేశాడు,
బొగ్గు గని మూసేసిన ఏడాది కూడా.

కట్టెలు ఎక్కడివని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు, అది వేరే సంగతి.
హెక్టర్ బుడ్రో కలప డిపో నుంచి
మంగళవారం మంగళవారం లారీ వచ్చేది,
బిల్లు మీద సున్నా చుట్టి.
"మీ మర్డీనా ధైర్యం నాకు నచ్చింది," అన్నాడు.
హెక్టర్ నలభై ఏళ్ళుగా అవతలి పార్టీ కోశాధికారి.
నాకు తెలుసు. ఊళ్ళో కుక్కలకీ తెలుసు.
కానీ ఎంత మంచి స్ప్రూస్ కట్టె! ఒక్క ముడి లేదు.
ముడి లేని కట్టె చేతికొచ్చాక
వడ్రంగి నోట రెండో ప్రశ్న రాదు.

గాలివాన కొట్టిన మర్నాడు పొద్దున
పడిపోయిన మా బోర్డుల్ని ఎవరో నిలబెట్టి పోయారు.
బురదలో బూట్ల గుర్తులు
మావాళ్ళవి కావు.
హాల్లో చర్చ జరిగిన రాత్రి
అవతలి అభ్యర్థి లాయిడ్ ప్రింగిల్
మూడుసార్లు అన్నాడు, "మర్డీనా గారు చెప్పింది నిజం" అని.
మూడోసారి ఆమె తలతిప్పి అతన్ని చూసింది,
కొలత తక్కువైన పీతని
పక్కకి విసిరేముందు చూసే చూపు.

బడి వ్యాయామశాలలో లెక్కింపు.
లాయిడ్ మూడువేల రెండువందల తొంభై ఏడు.
ఆంగస్ మూడువేల నూట పద్నాలుగు.
మర్డీనా పన్నెండువందల ఆరు.
తేడా నూట ఎనభై మూడు.
నా బోర్డులు రెండువందల నలభై.
బోర్డుకో ఓటు వేసుకున్నా సరే...
ఆ లెక్క ఆ రాత్రి ఎన్నిసార్లు చేశానో!

ఆంగస్ వచ్చి నాకు చెయ్యిచ్చాడు.
ఆయన భార్య కేటీ ఆన్
గోడ మీది బాస్కెట్‌బాల్ వలని చూస్తూ నిలబడింది.
"మా ఓట్లు చీల్చారు," అన్నాడెవడో వెనకనుంచి.
మర్డీనా కోటు బొత్తాలు పెట్టుకుంటోంది,
ఆ వేళ్ళతో అదొక పెద్ద పని.
"మీవని రాసుందా వాటిమీద?" అంది.
ఎవరూ మాట్లాడలేదు.
నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.
కొట్టలేదు.

ఏప్రిల్లో మంచు కరిగాక కట్టెలు పీకాను.
ఒక్కటీ కుళ్ళలేదు, తారు బాగా పనిచేసింది.
రేవు గోడ అలాగే ఉంది. నిరుటికన్నా
రెండు రాళ్ళు ఎక్కువే జారాయి.
ఫెర్రీ వారానికి రెండురోజులే అని
లాయిడ్ సంతకంతో ఉత్తరం వచ్చింది.
హెక్టర్ లారీ ఆపి, అద్దం దించి,
"పారెయ్యకు రానీ," అన్నాడు,
"నాలుగేళ్ళకి మళ్ళీ పనికొస్తాయి."

అవుననలేదు. కాదనలేదు.
పాకలో పేర్చాను,
పైన పాత తెరచాప కప్పాను.

నిన్న చలికి ఒకటి తీసి పొయ్యిలో పెట్టాను.
ముడి లేని కట్టె కదా, చప్పుడు లేకుండా కాలింది.
చివర తారు అంటుకుని
ఇల్లంతా పొగ.