కాయమన్నాడు

అయ్యగారూ, సాక్ష్యం చెప్పమన్నారు గదా,
చెబుతా.
నా పేరు జెకర్యా. మా నాయన ఎలీషా.
ముప్పయ్యొక్క సీజన్లుగా
కొండపి చుట్టుపట్ల బ్యారన్లకి మంటేసేవాణ్ణి.

రోగం తగ్గిందనో, పిల్లకి ఉద్యోగం వచ్చిందనో కాదు ఇది.
ఇవాళ మట్టల ఆదివారం.
పిలకాయల చేతుల్లో మట్టలు చూడండి,
వొంగోల్లో కొన్న ప్లాస్టిక్కువి,
ఆకుపచ్చ రంగు అరచేతులకి అంటతా ఉంది.
నిరుడు మట్టలిచ్చిన ముసిగట్టు ఈతచెట్లని
కట్టె చాల్లేదని నరికించి
నా పొయ్యి కాడికే తోలారు.
ఈతమొద్దు సరిగా మండదు, పొగెక్కువ.
అయినా నేనే వేశా.

బ్యారన్ సంగతి మీకు తెలవదు, మీది చీరాల.
నాలుగు గోడలు, పైన రేకు,
లోపల వరస మీద వరసగా ఆకు అల్లిన కర్రలు.
మంట బయట. వేడి గొట్టాల్లో లోపలికి పోద్ది.
పోయినదాన్ని బయటికి రానీకపోవడమే పనితనం.
మొదట తొంభై ఐదు, నూరు.
ఆకు మెల్లగా పసుపు తిరుగుద్ది,
చచ్చిపోతన్నట్టు దానికే తెలవదు.
ఆఖర్న నూట అరవై.
అప్పుడు ఈనె విరిస్తే పుల్లలా పలకాల.

పోయిన మే నెల్లో, పదకొండు గంటలప్పుడు
ఉపాధి పనికి పోయిన మా వదిన కెజీయమ్మ
చేతిలో తట్టతో గట్టుమీదే కూలబడింది.
బ్యారన్ థర్మామీటరు నా సంచిలో ఉంది.
ఎందుకో తీసి, వేపచెట్టు నీడన పట్టుకున్నా.
నూట పదహారు.
ఆకైతే అప్పటికి పసుపు దాటి ఉండేది.

సమాధి కాడ మీరు చెప్పారు:
ఇవి కడవరి దినాలు,
అన్నీ కాలి కరిగిపోతాయని ముందే రాసుందని.
ఆమెన్ అన్నాం. నేనూ అన్నా.
ఆ ఆమెన్ మూడు రాత్రులు నన్ను పడుకోనీలా.
బ్యారన్ తగలబడితే
రైతు నన్నే గదా అడిగేది?
తగలబడాలని రాసుందయ్యా అంటే
ఊరుకుంటాడా?
నోవహు కూడా
వాన రావాల్సిందే గదా అని
చాప పరుచుకొని కూచోలా.

మొదటి మనిషిని తోటలో పెట్టి
కాయమన్నాడంట దేవుడు.
మేకల్ని కాసినట్టు, రాత్రుళ్ళు చేను కాసినట్టు,
జరం వచ్చిన బిడ్డని కాసినట్టు.
మనకి ఇంకో కాయడం తెలుసు,
నీళ్ళు కాయడం, గంజి కాయడం.
ఏది విన్నామో ఏమో,
తోటని పొయ్యి మీద పెట్టి
కాచాం.

నేనొక్కణ్ణే కాదు, తెలుసు.
మా సీమోను చెప్పాడు,
కృష్ణపట్నం కాడ కరెంటు కోసం ఒక్క పూటలో మండే బొగ్గు
నా ముప్పయ్యేళ్ళ కట్టెకి మించుద్దంట.
అక్కడా మంట చూసుకునేది మనిషే.
వాడికీ ఓ ఆదివారం ఉండే ఉంటది.
మన నెత్తిన తిరిగే ఆరు ఫ్యాన్లూ
వాడి మంటే.

బ్యారన్‌కి పైన కిటికీ ఉంటది అయ్యగారూ.
వేడి హెచ్చితే తాడు లాగుతా, తెరుచుకుంటది.
ఈ ఆకాశానికి తాడు యాడుందో
వాక్యంలో ఎవురికన్నా కనపడితే చెప్పండి.
నాకు తెలిసింది ఇంతే:
ముసిగట్టున పదకొండు ఈతగింజలు పూడ్చా.
మూడు మొలిచాయి. ఒకదాన్ని మేక తినింది.
మా మేకే.

సాయంత్రం ఆరింటికి మళ్ళా మంటెయ్యాల,
అడ్వాన్సు తీసుకోనుండా.
దాచి ఏం లాభం, అదీ సాక్ష్యమే.
ఇప్పుడే స్తోత్రం అనబాకండి.
ఆ ఫ్యాన్లు కాసేపు ఆపి,
చెమట పట్టిందాకా
ఊరికే కూచోండి.