గన్నేరు నీడ

క్రీటు దీవిలో, కల్లిరోయి పెరట్లో
ముప్పై ఏళ్ల గన్నేరు.
"ఆకూ పువ్వూ సరే, కొమ్మ నానిన నీళ్లు చాలు
కుక్క గుండె ఆగిపోడానికి"
అన్నాడు మందుల షాపు స్తామాతిస్,
చిల్లర లెక్కపెడుతూనే.

మేకలకు తెలుసు, వాసన చూసి దాటిపోతాయి.
ఈ కుక్కపిల్లకు ఏం తెలుసు?
చెప్పు, సబ్బు, చేపల వల,
నిన్న పాదిరిగారి టోపీ అంచు.
లోకాన్ని నోటితోనే చదువుతుంది.

చేతులకు తొడుగులేసుకుని నరికింది.
కాల్చలేదు, పొగా విషమే.
గోనెలో దూర్చి మూతి బిగించింది.

మధ్యాహ్నం
కుక్కపిల్ల వచ్చి, రోజూ పడుకునే చోట
మూడు చుట్లు తిరిగి
ఎండలో నిలబడి
ఆమె వంక చూసింది.

ఏం చెబుతుంది?
కుర్చీ తెచ్చుకుని కూచుంది,
తన నీడ దాని మీద పడేలా.
పొద్దు జరిగినకొద్దీ
కుర్చీ జరుపుతూ.