బరువు దిగాక

లడ్లోలో వాన లేని ఆదివారం ఒకటి దొరికింది.
డెస్మండ్ ప్యూ గారి గ్యారేజీ ముందు
అరవై ఏడు నాటి మోరిస్ మైనర్ ట్రావెలర్
వెనక చక్రాలు విప్పించుకుని
రెండు ఇనప స్టాండ్ల మీద
మొహమాటంగా నిలబడి ఉంది.
దాని చెక్క అంచుల్లో పచ్చగా నాచు.
"గోకకు. తనిఖీ వాళ్ళు దాని గురించి అడగరు" అన్నాడాయన.

చేతులు వణుకుతాయి కాబట్టి ఆయనది మడత కుర్చీ.
మోకాళ్ళు ఇంకా వంగుతాయి కాబట్టి నాది నేల.
వారమంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే వేళ్ళు
ఇవాళ అంగుళాల పానా పట్టాయి.

కిందకి దూరితే
ఒకదాని కింద ఒకటి ఏడు పట్టీలు,
పైది పొడుగు, పోనుపోను పొట్టి.
ముట్టుకుంటే తుప్పు పెళ్ళలుగా కళ్ళలో రాలింది.
"వీటిని ఆకులంటాం మేము."
తణుకులో మా మేనత్త లారీ షెడ్డులో
కమాను కట్టలంటారండీ, అన్నాను.
ఆకు వంగిందంటే వాడినట్టే.
కమానుకి వంగటమే ఉద్యోగం.
"కమాన్?"
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
క్లీ హిల్ ఎక్కినప్పుడల్లా, ముప్పై ఏళ్ళుగా
ఈ బండిని తను బతిమాలేదీ ఆ మాటతోనేనట.

గురువారం నుంచీ నూనె తాగిస్తున్న నట్లు
ఒక్కటీ ఒప్పుకోలేదు.
సుత్తి. మళ్ళీ నూనె. పానాకి గొట్టం తగిలించి
గోడకి కాళ్ళు తన్నిపెట్టి లాగాను.
మూడు వదిలాయి.
నాలుగోది టప్పున విరిగి
నా చెయ్యి ఇటుకకి కొట్టుకుంది.
మేనత్త నేర్పిన తిట్టు ఒకటి
ష్రాప్‌షైర్ గాలిలో మొదటిసారి వినపడి ఉంటుంది.

రెండు కమాన్లూ బండల మీద పక్కపక్కన పెట్టాం.
ఎడమది రెండు వేళ్ళ మందం
ఎక్కువ చదునైపోయింది.
ఇదేం లెక్క?
ఈ దేశంలో డ్రైవరు కూర్చునేది కుడివైపు కదా,
అరిగితే కుడిదే అరగాలి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
టీ మీద మీగడ కట్టింది.
"విల్బర్" అన్నాడు చివరికి.
అరవై కిలోల కుక్కట. పదకొండేళ్ళు
వెనక ఎడం కిటికీ దగ్గరే.
కుడివైపు కూర్చోబెడితే ఏడ్చేదట.
పోయి ఇరవై రెండేళ్ళు.
ఇనుము మాత్రం ఇంకా
దానికి చోటిస్తూనే ఉంది.

కొత్త బుష్‌లకి సబ్బునీళ్ళు రాశాను,
చెప్పుల కొట్టు వాసన.
కమాను ఎక్కింది, బోల్టు దూరింది,
ఒక్క పట్టు పడితే అయిపోతుంది,
వంటింట్లో పప్పు మాడుతూ ఉండొచ్చు.
"ఇప్పుడే బిగించకు, హైమా."
బండి గాల్లో ఉండగా బిగిస్తే
కిందకి దించాక రబ్బరు మెలిపడుతుందట,
ఏడాదిలో చిరుగుతుందట.
ముందు బరువు దిగాలి.
అది కూర్చున్న తీరు చూసి అప్పుడు బిగించాలి.

నేను చాలావాటిని గాల్లో ఉండగానే బిగించాను.
ఆ జాబితా ఇక్కడ వద్దు.

చక్రాలు తొడిగి జాకీ దించాను.
బండి ఒక్క నిట్టూర్పుతో నేల మీదకొచ్చింది,
వెనక భాగం మాత్రం ఇంకా గర్వంగా పైకే.
ఇసక బస్తా ఏదైనా ఉందా అని అడిగాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు.
లేవటానికి పట్టినంత సేపూ పట్టింది.
చిన్న తలుపు, ముందు సీటు మడిచి, వంగి,
ఒక్కో కాలూ చేత్తో లోపలికి తెచ్చుకుని
వెనక, ఎడమ పక్కన కూర్చున్నాడు.
కమాను దిగింది, సరిగ్గా దిగాల్సినంత.
"ఊఁ. ఇప్పుడు."

చెయ్యి మాత్రమే పట్టే సందులో
చూడకుండా నట్టు వెతుక్కుని
పానా తిప్పుతుంటే
నా తల పైన, ఎక్కడో,
గాడిలో మట్టి నిండిన జరుపుడు కిటికీ
కీచుమంటూ
తెరుచుకున్న చప్పుడు.