తలుపుకి అడ్డం

డులూత్ రేవులో నీళ్లు గడ్డకట్టాక
ఖనిజం మోసే ఓడలు మరమ్మతుకి ఆగుతాయి.
వాటి కడుపుల్లో ఇరవై రెండేళ్లు
పాకుతూ అతుకులేసింది వెర్నా కెట్టునెన్.
మోకాళ్లు మొరాయించాక మా బడికొచ్చింది.

మొదటిరోజు పేర్లడగలేదు,
చేతులు చూపించమంది.
నా గోళ్లకింద గ్రీజు చూసి
"ఎవరి బండి?" అంది.
అమ్మది.
"నడుస్తోందా?"
ఊహూఁ.
"సరే, కూర్చో."

రవ్వల్ని చూడకు, అవి చుట్టాలు,
వచ్చిపోతాయి.
కరిగిన మడుగుని చూడు,
ఎటు పోవాలో అదే చెబుతుంది, అనేది.

చేపపొలుసుల్లా ముద్దుగా కుదిరిందని
నేను మురిసిన అతుకుని
రంపంతో అడ్డంగా కోసింది.
లోపలంతా బుడగలు.
తిట్టలేదు.
భూతద్దం చేతికిచ్చి
అన్నానికి వెళ్లిపోయింది.

తరగతి తలుపు మూసుకోకుండా
ఎప్పుడూ ఓ వంగిన ఇనపముక్క,
నడిమికి పగిలింది.
రెండేళ్లు దాన్ని తన్నుకుంటూ తిరిగాం.
ఆఖరిరోజు తిరగేశాను.
వెనక ఉలితో చెక్కిన పేరు ఆవిడదే,
తప్పిన తొలి పరీక్ష తేదీతో సహా.

ఇప్పుడు ఓడ కడుపులో నేను.
వీపుకింద చలి, ముసుగులో నా ఊపిరే.
తనిఖీ మనిషి రేపుగానీ రాడు.
నాకు నచ్చని రెండంగుళాలు
ఇవాళే గీకేస్తున్నాను.